తరుగు లేని ఓడలు

మార్చి 4

చిన్నోడికి,

పదకొండు పెట్టెలూ పంపాను. కంప్యూటరు ఆటలో సరుకుతో పాటు చీటీ కూడా పెట్టొచ్చని నువ్వు చెప్పింది గుర్తొచ్చి ఇది రాస్తున్నాను. ఫోన్ చేస్తే ఊఁ అంటావు, లేదంటే ఎక్కడో లిఫ్టు మధ్యలో ఆగిపోయింది పిన్నీ, బాగుచెయ్యడానికి పరిగెత్తాలి అంటావు. సరుకు కావాలంటే ఈ చీటీ మాత్రం విప్పక తప్పదు కదా.

ఎడమ చేత్తో కొడుతున్నాను. అక్షరాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకో. కుడి చేతికి ఇంకా కట్టు ఉంది. బొటనవేలి కింద నరాలు ఒరుసుకుపోయాయట, ఇరవై ఏళ్ళు గుడ్డలు కత్తిరిస్తే ఇంతేనట. ఆపరేషన్ బాగా జరిగింది గానీ మే నెలాఖరు దాకా కత్తెర ముట్టుకోకూడదు, బరువెత్తకూడదు, దేన్నీ గట్టిగా నొక్కకూడదు అన్నారు డాక్టరు. షాపు ఓనరుగారు మర్యాదస్తుడు. జూన్ ఒకటి దాకా నా కటింగు బల్ల ఎవరికీ ఇవ్వనన్నారు. అప్పటికి కత్తెర పట్టగలిగితే బల్ల నాది, లేకపోతే కాదు. ఆ మాట కూడా మర్యాదగానే అన్నారు.

నువ్వు పంపిన పాత కంప్యూటరు బాబాయి టీవీ పక్కన పెట్టారు. చుక్కల మధ్య నా పడవ ఆపుకుని, ఏదో ఒక రాయి మీదికి వెలుగు వదిలి, అది పగిలేదాకా మీట నొక్కి పట్టుకుంటాను. రాళ్ళు పెట్టెలో పడతాయి. ఒక పెట్టె నిండేసరికి బాబాయి చూసే సీరియల్ ఒకటి మొదలై అయిపోతుంది. ఖాళీగా కూర్చుని గోడలు చూడటం కన్నా నయం. ఆ రాళ్ళతో వంటింటికి గట్టు కట్టించుకోవచ్చా అని మీ బాబాయి రోజూ అడుగుతున్నారు.

ఒక సందేహం. ఓడకు పది పెట్టెలు పడతాయని నువ్వు ఓడలు కట్టే యార్డు బోర్డు మీద రాసుంది. మరి పదకొండు ఎందుకు అడిగావు?

చెయ్యి తప్ప అంతా బాగున్న
పిన్ని


మార్చి 7

పిన్నీ,

నీ చీటీ టైరు షాపు మీద నా గదిలో కూర్చుని, కింద వాళ్ళు సుత్తులతో బాదుతుండగా చదివాను. పూర్తిగానే చదివాను.

ఆ పదకొండో పెట్టె తరుగు. నువ్వు చొక్కా గుడ్డ కత్తిరిస్తే చంకల దగ్గర ముక్కలు పోవూ, అలాంటిదే. ఓడలోకి వెళ్ళేది పది పెట్టెల సరుకు, చేసేటప్పుడు పాడైపోయేది ఒక పెట్టె. యార్డు బోర్డు పదే చూపిస్తుంది. తరుగు ఎంతో చెప్పదు, గోదాములోంచి తనే లాక్కుంటుంది. చివర్లో మిగిలింది చూసి మనం తెలుసుకోవాలి. ఇక్కడ ఓడలన్నీ సరుకుకి సరుకే అమ్ముకుంటాం కాబట్టి మన ఓడ ధర పదకొండు పెట్టెలు. పక్క జట్లదీ అంతే. తరుగు తగ్గించినవాడే చవగ్గా అమ్మగలడు. ఓడ నమూనాను పరిశోధన గదిలో పెడితే కొన్ని వారాల్లో తరుగు తగ్గుతుంది. నిన్ననే పెట్టాను.

ఇంకో సంగతి. తరుగు చిల్లరగా వస్తే యార్డు దాన్ని పై అంకెకు సర్దుకుంటుంది. నువ్వు పంపిన పదకొండు పెట్టెల్లో సరిగ్గా రెండు రాళ్ళు తక్కువై మొన్న ఓడ ఆగిపోయింది. రెండు రాళ్ళు పిన్నీ! యార్డులో అందరూ ఒకటే నవ్వు. ఈసారి కాస్త చూసుకుని పంపు.

మా కెప్టెన్‌కి నువ్వెవరో చెప్పలేదు. నా పార్టనర్ అన్నాను. మన జట్టుకి నాయకుడు ఆయనే, బయట ఏదో కాలేజీలో లెక్కల మాస్టారట.

ఉంటాను. మూడో అంతస్తులో ఎవరో ఇరుక్కున్నారు.

చిన్నోడు


మార్చి 12

చిన్నోడికి,

సరుకు పంపాను. రెండు రాళ్ళ ఇబ్బంది ఇక రాదులే.

కట్టు విప్పారు. ఫిజియో అమ్మాయి చాలా చిన్నది, మాట మాత్రం హెడ్‌మాస్టరమ్మది. ఒక మెత్తటి బంతి ఇచ్చి నెమ్మదిగా పట్టుకుని వదలమంది, అంతకు మించి ఏమీ చెయ్యొద్దంది. బాబాయి ఆ బంతిని గోడకేసి కొడుతూ కూర్చున్నారు.

నిన్న షాపుకి ఊరికే వెళ్ళొచ్చాను. నా బల్ల మీద దుప్పటి కప్పి ఉంచారు. పక్క బల్ల అతను పాపం రెండు బల్లల పనీ చేస్తున్నాడు. మా షాపులో రెండు బల్లలున్నా జనం నా ముందే నిలబడేవాళ్ళు, ఎందుకో నీకు తెలుసు కదా. ఎన్ని మీటర్లు అడిగినా కొలిచాక బెత్తెడు జరిపి కత్తిరిస్తాను. ఓనరుగారికి అది గిట్టదు. కొసరు వేస్తే కొన్నవాళ్ళు మళ్ళీ మన గుమ్మమే ఎక్కుతారండీ అంటాను. కుట్టేటప్పుడు గుడ్డ చాలకపోతే ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో ఆయనెప్పుడూ చూడలేదు.

ఎక్కడో మొదలెట్టి ఎక్కడికో వెళ్ళాను. నీ పరిశోధన ఎంతవరకు వచ్చింది?

నీ పార్టనర్


ఏప్రిల్ 2

పార్టనర్ గారికి,

ముందు శుభవార్త. తరుగు పోయింది.

పరిశోధన సగంలో ఉండగానే నాకు అర్థమైంది. పదకొండు అడిగి ఓడ కడితే గోదాములో ప్రతిసారీ కొంత మిగలడం మొదలైంది. సోమవారం పరిశోధన అయిపోయినట్టు గంట మోగింది. నీకు పదే చెప్పాను చూడు, ఆ పదితోనే ఓడ లేచింది. మళ్ళీ పది, మళ్ళీ లేచింది. నేను నీ పెట్టెలు లెక్కపెట్టను, వచ్చినవి వచ్చినట్టు గోదాములో పోస్తాను. ఇంట్లోవాళ్ళ సరుకు ఎవరైనా లెక్కపెట్టుకుంటారా? అడిగింది పది, ఓడలోకి వెళ్ళింది పది, గోదాములో ఉన్నది తగ్గలేదు. తరుగు సున్నా.

అంతకుముందు మిగిలినవి జట్టుకి ఇచ్చేసి, ఓడ ధర పది పెట్టెలకు దించాను. పక్క జట్లకి నిద్ర పట్టట్లేదు. పది శాతం తరుగు తగ్గించడానికి వాళ్ళకి నెలలు పట్టింది, అదీ పూర్తిగా పోలేదు. కెప్టెన్ అందరి ముందూ లేచి నిలబడి, మన యార్డు ఓడకు తరుగు లేదు అని ప్రకటించాడు. ఆ మాట విని కొత్తవాళ్ళ జట్టొకటి నలభై ఓడలకు ఆర్డరిచ్చింది. మే పదిహేనుకి ఇవ్వాలి. వాళ్ళు ఉన్నచోటు నుంచి వేరే నక్షత్రాల వైపు తరలిపోతున్నారు, ఓడ లేనివాళ్ళు అక్కడే ఉండిపోతారు.

నాలుగు వందల పెట్టెలు కావాలి. ఎక్కువే, నాకు తెలుసు. నీకు కుదిరితేనే. ఎలాగూ ఇంట్లోనే ఉంటున్నావు, పొద్దుపోతుందని అడుగుతున్నాను. వేరేవాళ్ళ సరుకు కలిపితే ఎవడి రాళ్ళు తక్కువయ్యాయో తేల్చుకోవడమే ఒక పని. నీ సరుకు మీద నాకు ధీమా.

చిన్నోడు


ఏప్రిల్ 9

చిన్నోడికి,

మొదటి విడత పంపాను. మిగతావి వారం వారం వస్తాయి. నలభై ఓడలు కట్టించేంత మేధావి మా అక్క కడుపున పుట్టాడని మీ బాబాయికి చెప్పాను. జీతం ఎంతిస్తాడో కనుక్కో అన్నారు.

ఎడమ బొటనవేలు తొందరగా అలిసిపోతోంది. అందుకని కుడిచెయ్యి ఊరికే అలా ఆనిస్తున్నాను, గట్టిగా ఏమీ కాదు. ఫిజియో అమ్మాయి మణికట్టు పట్టుకు చూసి, వాపుంది, ఏం చేస్తున్నారు అని అడిగింది. రెండు బకెట్లు ఎత్తానని చెప్పాను. బకెట్లు ఎత్తినందుకు చాలాసేపు తిట్టింది. రాళ్ళు తవ్వుతున్నానంటే ఏమనేదో.

అంత చవగ్గా ఇచ్చేస్తే నీకు నష్టం రాదా? నాకు నీ లెక్కలు తెలియవు. అడగాలనిపించి అడిగాను.

పిన్ని


ఏప్రిల్ 16

పిన్నీ,

నష్టం ఎందుకొస్తుంది? తరుగు లేనప్పుడు పదికి కట్టింది పదికే ఇస్తున్నాం. చాలామంది అడుగుతుంటే నా పద్ధతి మొత్తం రాసి బోర్డు మీద పెట్టాను. పరిశోధన ఎప్పుడు మొదలెట్టాలి, ఓడలు ఒక్కొక్కటిగా కాకుండా కట్టగా కడితే చిల్లర తరుగు ఎలా తగ్గుతుంది, అవన్నీ. పరిచయం లేనివాళ్ళు కూడా గురువుగారూ అని పిలుస్తున్నారు. లిఫ్టు బాగుచేస్తే ఎవరూ అలా పిలవరు.

ఈ వారం సరుకు ఆలస్యంగా వచ్చింది, అదీ అడిగిన దాంట్లో సగమే. విసుగొస్తే మొహమాటపడకుండా చెప్పు, వేరే ఎవరినైనా చూసుకుంటాను. అమ్మ చెప్పింది, సాయంత్రాలు నువ్వు ఫోన్ కూడా ఎత్తట్లేదట. బయట తిరుగుతున్నావేమో, మంచిదే. కానీ ముందే తెలిస్తే నా ఏర్పాట్లు నేను చూసుకుంటాను.

చిన్నోడు


ఏప్రిల్ 20

చిన్నోడికి,

ఆ సగమూ, దాంతో పాటు వచ్చే వారానివీ పంపాను. వేరేవాళ్ళని చూడకు.

విసుగు ఎవరికి? రెండు చేతులూ ఇక్కడే ఉంటే ఫోన్ ఎలా ఎత్తను?

పిన్ని


మే 6

చిన్నోడికి,

ఇవి ఆఖరి తొంభై. నువ్వు అడిగినన్ని ఉన్నాయి.

బళ్ళు తెరిచే ముందు యూనిఫారం గుడ్డకి రద్దీగా ఉంటుంది. ఓనరుగారు కబురు పెట్టారు, ఒకసారి వచ్చి చూపించండి, వీలైతే ముందే కూర్చోవచ్చు అని. వెళ్ళాను. బల్ల మీద దుప్పటి ఆయనే తీశారు. నీలం గుడ్డ రెండు మీటర్లు పరిచి నా కత్తెర నా చేతికిచ్చారు. సగం దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత బొటనవేలు ముయ్యలేదు. ముయ్యమని నేను చెబుతున్నాను, అది వినట్లేదు. గుడ్డ వంకరగా చీలింది.  ఓనరుగారు ఆ ముక్క తనే మడిచి పక్కన పెట్టి, అందాకా మడతల బల్ల దగ్గర ఉండండి, కూర్చుని చేసే పనే కదా అన్నారు. జూన్ ఒకటి ఇంకా రాలేదని గుర్తు చెయ్యబోయి ఊరుకున్నాను.

ఇప్పుడు అక్కడే ఉన్నాను. ఫ్యాను గాలి బాగా వస్తుంది. నా బల్ల ముందు నిలబడేవాళ్ళు కొందరు ఇటు వచ్చి, ఇక్కడున్నారేమిటండీ అని పలకరించి పోతున్నారు.

ఓడలు ఎప్పుడు బయల్దేరతాయి? చూడాలని ఉంది.

పిన్ని


మే 9

పిన్నీ,

సరుకు తక్కువ వచ్చింది. ఆఖరి తొమ్మిది ఓడలూ ఒకే కట్టగా పెడితే యార్డు తీసుకోలేదు. ముప్పై ఒక్క ఓడలు ఏ పేచీ లేకుండా కట్టి సరిగ్గా ఇప్పుడు ఆగిపోయాను. వాళ్ళు బయల్దేరడానికి వారం కూడా లేదు. కెప్టెన్ గంటగంటకీ అడుగుతున్నాడు. తొంభై అడిగితే తొంభై పంపాలి కదా, కాస్త లెక్కపెట్టి పంపితే ఏం పోయింది? మిగతావి ఎప్పుడు పంపుతావో వెంటనే చెప్పు.

చిన్నోడు


మే 10

నాన్నా,

తొంభై ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను.

ఒకటి చెప్పాలి, కోప్పడకు. ఇన్నాళ్ళూ నువ్వు పది అడిగితే పదకొండు పంపాను. పదకొండు అడిగినప్పుడు పన్నెండు. నా వల్ల ఓడ ఆగకూడదని ప్రతి పదికీ ఒక పెట్టె కొసరు వేశాను. ఈసారి ఆ తొమ్మిదీ నిండలేదు. చెయ్యి వాచి మీట మీద నిలబడట్లేదు. అడిగినవైతే ఉన్నాయి కదా, తరుగు ఎలాగూ పోయిందన్నాడు కదా, పర్వాలేదులే అనుకున్నాను.

కొసరు వల్ల నీ పని పాడైందా? వాళ్ళ ప్రయాణం ఆగిపోతే నాకు చాలా బాధగా ఉంటుంది. రెండు రోజులు ఆగితే వాపు తగ్గుతుంది. ఎలాగో నింపి పంపుతాను.

పిన్ని


మే 13

పిన్నీ,

ఏమీ పంపకు. కంప్యూటరు ముట్టుకోకు. బాబాయికి ఫోన్ చేసి ప్లగ్గు పీకెయ్యమన్నాను. పీకేశానన్నారు. నువ్వు మాట్లాడతావా అంటే పడుకున్నావన్నారు. ఈ కాగితం తపాలాలో పంపుతున్నాను.

నీ ఉత్తరం చదివాక పరిశోధన గదిలోకి వెళ్ళి చూశాను. మా దగ్గర రెండు సరుకు ఓడల నమూనాలున్నాయి, పాతది, కొత్తది. బొమ్మ ఒకటే, రెక్క మీద ఒక గీత తేడా. నేను పరిశోధనలో పెట్టింది పాతది. మనం కట్టే ఓడ నమూనా మొదటిరోజు ఎలా ఉందో ఇప్పుడూ అలానే ఉంది. తరుగు ఒక రాయి కూడా తగ్గలేదు. ప్రతి ఓడకీ పదకొండు పెట్టెలు పడుతూనే ఉన్నాయి. పదకొండోది నువ్వు వేశావు.

మూడు రోజులుగా వెనక్కి నడిచి చూసుకుంటున్నాను. ఆ సున్నా లేకపోతే ధర దించేవాణ్ణి కాదు. ధర దించకపోతే నలభై ఓడల ఆర్డరు వచ్చేది కాదు. ఆర్డరు రాకపోతే నాలుగు వందల పెట్టెలు నిన్ను అడిగేవాణ్ణి కాదు. అడిగేటప్పుడు నీ చెయ్యి సంగతి నాకు తెలియదని చెప్పుకోవడానికీ లేదు. దేన్నీ గట్టిగా నొక్కకూడదని మొదటి చీటీలోనే రాశావు, మీట నొక్కి పట్టుకోవాలనీ అందులోనే రాశావు. నేను పూర్తిగానే చదివాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

మే ఆరున నువ్వు రాసింది కూడా చదివాను. తొంభై అన్న అంకె వరకు ఆ రోజే చదివాను. నీలం గుడ్డ సంగతి నిన్న చదివాను.

చేసింది చెబుతాను. బోర్డు మీద నేను రాసినదంతా తీసేశాను, నా తరుగు ఎప్పుడూ తగ్గలేదని రాశాను. ధర పదకొండుకి మార్చాను. కొత్తవాళ్ళకి మాట ప్రకారం పదికే ఇచ్చాం. తక్కువైన తొమ్మిది పెట్టెలూ నేనే తవ్వాను. ఒక రాత్రి పట్టింది. మూడో పెట్టెకి నా బొటనవేలు మొద్దుబారింది. నాకు ఆపరేషన్ కాలేదు, నా వయసు నీ వయసులో సగం. నాలుగు వందలతో హెచ్చవేయడానికి ధైర్యం చాల్లేదు.

ఓడలు అనుకున్నదానికి రెండు రోజుల ముందే బయల్దేరాయి. కెప్టెన్‌కి నువ్వెవరో చెప్పాను.  "మరి ఆ తరుగంతా ఆవిడ చేతిలోంచి పోయిందన్నమాట" అన్నాడు. ఆయన లెక్కల మాస్టారు, లెక్క చెప్పినట్టే చెప్పాడు.

చెయ్యి ఎలా ఉంది? ఫిజియో ఏమంది? ఓనరుగారితో నేను మాట్లాడనా? తప్పు నా ఒక్కడిదే అని ఆయనకు చెబుతాను.

చిన్నోడు


మే 22

పిన్నీ,

ఆదివారం నేను వచ్చినప్పుడు నువ్వు చేతిని కొంగులోంచి బయటికి తియ్యలేదు. కాఫీ ఎడమ చేత్తో ఇచ్చావు. తగ్గిందన్నావు. బస్సెక్కించడానికి వచ్చిన బాబాయిని అడిగితే ఆయనా తగ్గిందన్నారు, కానీ బస్సు కిటికీ వైపు చూస్తూ అన్నారు.

మణికట్టు పట్టీ ఒకటి పంపుతున్నాను. సైజు సరిపోకపోతే చెప్పు. చెయ్యి ఎలా ఉంది? నిజంగా తగ్గిందా?

చిన్నోడు


జూన్ 3

చిన్నోడికి,

పట్టీ సరిపోయింది. ఇది బాబాయి చేత రాయిస్తున్నాను. మధ్యలో ఆయన సొంత కవిత్వం ఏమైనా కలిపితే నాకు సంబంధం లేదు. (కలపలేదు. బాబాయి.)

తప్పు నీ ఒక్కడిదే అని ఉత్తరంలో రాశావు, ఫోన్‌లో అంతకన్నా ఎక్కువసార్లు అన్నావు. లేదు అనను. అలా అంటే నువ్వు నమ్మవు. కానీ నాదీ కొంత ఉంది. షాపులో కొసరు వేసేటప్పుడు కొలత జరిపి, ఇదిగో ఇంత ఎక్కువ వేస్తున్నాను అని కొనేవాళ్ళకు చూపించి మరీ కత్తిరిస్తాను. నీకు చూపించలేదు. చూపిస్తే వద్దంటావని. ఇంకో కారణం కూడా ఉంది. రెండు రాళ్ళకి యార్డులో అందరూ నవ్వారని రాశావు గుర్తుందా? నన్ను చూసి నవ్వారనుకున్నాను. వాళ్ళు నవ్వింది నిన్ను చూసి అని ఆదివారం మాటల్లో తెలిసింది. ముందే అడిగి ఉండాల్సింది.

మొన్న ఒకటో తారీఖున నా బల్ల కొత్తమ్మాయికి ఇచ్చారు. చురుకైన పిల్ల, చెయ్యి తిన్నగా పోతుంది. కొసరు వెయ్యదు. ఎంత అడిగితే అంతే. ఓనరుగారు సంతోషంగా ఉన్నారు. నా మడతల బల్ల నాకు ఉంటుందన్నారు. నువ్వు ఆయనతో మాట్లాడొద్దు. మాట్లాడటానికి అక్కడేమీ లేదు.

ఇక ఇది జాగ్రత్తగా చదువు. ప్రతి ఉత్తరంలో, ప్రతి ఫోన్‌లో చెయ్యి ఎలా ఉంది అంటున్నావు. నువ్వు అడిగే గొంతు వినగానే నా నోరు తగ్గింది నాన్నా అనేస్తోంది. నిన్న కూడా అన్నాను. ఫోన్ పెట్టేశాక మీ బాబాయి నన్ను చూసి, "ఇంకా వేస్తూనే ఉన్నావా కొసరు?" అన్నారు.

నవ్వాను గానీ, తర్వాత ఆలోచిస్తే నిజమే అనిపించింది. నీకు నిద్ర పట్టాలని ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ వేసి చెబుతున్నాను. నువ్వు మళ్ళీ లెక్కపెట్టుకోకుండా తీసుకుంటావు. మళ్ళీ లెక్క తప్పుతావు.

అందుకని నీ పాత ప్రశ్నకి ఈసారి అడిగినంతే చెబుతున్నాను. ఇకముందు ఆ ప్రశ్న వద్దు, లిఫ్టుల్లో ఎవరెవరు ఇరుక్కున్నారో రాయి, చదువుతాను.

బొటనవేలు సగమే వంగుతుంది. కత్తెర పట్టలేను. ఇంక పట్టలేనని ఫిజియో అమ్మాయి తలుపు వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. చెయ్యి బాగాలేదు.

పిన్ని